నడపడం ఆఖరున: సెకండ్‌హ్యాండ్ టర్బో సెడాన్ కోసం తిరిగిన రెండు నెలల డైరీ

మే 4

చెన్నై నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను. రాత్రి పదకొండు దాటింది. పడుకున్నా నిద్ర రాదని తెలుసు కనుక ఈ నోటుపుస్తకం తెరిచాను.

పదకొండేళ్లుగా నా దగ్గర ఒక చిన్న డీజిల్ బండి ఉంది. నెల్లూరు నుంచి కోవూరు మిల్లుకు పొద్దున వెళ్లి సాయంత్రం వస్తుంది. ఎప్పుడూ దారిలో ఆగలేదు. దానిమీద నాకు ఫిర్యాదు లేదు, ప్రేమా లేదు. నలభై రెండేళ్లు వచ్చాయి. కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కునే బండి ఒక్కటైనా ఇంటిముందు ఉండాలని ఇరవయ్యో ఏట పుట్టిన కోరిక ఇంకా చావలేదు. కొత్తది కొనే స్తోమత లేదు.

ఇలాంటి బళ్లు మన దేశంలో మొదటినుంచీ తక్కువే. స్కోడా 2017లో 230 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) ఆక్టావియా ఆర్‌ఎస్ తెచ్చినప్పుడు మొత్తం ఐదు వందలే అమ్మింది; షోరూం ధర 24.62 లక్షలు. 2020లో 245 పీఎస్‌తో వచ్చిన దాని తమ్ముడు రెండు వందలే. (వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది కాబట్టి అది సెడానే కాదని వాదించేవాళ్లున్నారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.) 2021 మార్చిలో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం340ఐ చెన్నై పక్కన బిగించిన బండే, 387 హార్స్‌పవర్, దాని జోలికి వెళ్లే ధైర్యం నా బ్యాంకు పుస్తకానికి లేదు. తక్కువ అమ్ముడైన వేగం బళ్లతో రెండు చిక్కులు. సెకండ్‌హ్యాండ్‌లో దొరకవు. దొరికినా, వాటిని నెమ్మదిగా నడిపినవాడు దొరకడు.

నేను చూస్తున్నది ఏ బండో ఇక్కడ రాయను. ఈ చుట్టుపక్కల అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. రంగు చెబితే చాలు, ఓనరు ఎవరో ఊరే చెప్పేస్తుంది. రెండు లీటర్ల టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే చిన్న ఫ్యాను) పెట్రోలు ఇంజను, ఆటోమేటిక్ గేరుబాక్సు, నిలబడ్డచోటు నుంచి వంద చేరడానికి ఏడు సెకన్లలోపు. అంతవరకు తెలిస్తే చాలు. పద్నాలుగు లక్షలు పోగుచేశాను. పన్నెండు బండికి. మిగతా రెండు, కొన్నాక బండి బయటపెట్టే రహస్యాలకు.

ఇవాళ చూసిన బండి చెన్నైలో ఒక అపార్టుమెంటు సెల్లార్లో ఉంది. నేను వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంది. బంకుకు వెళ్లి ఇప్పుడే వచ్చామన్నారు. తాళాలు చేతికిచ్చి, ముందు ఒక చుట్టు తిరిగి రండి, మాటలు తర్వాత అన్నారు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. ఖాళీ రోడ్డు కనబడగానే కాలు నొక్కాను. అర క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత ఎవరో సీటుతో సహా నన్ను ఎత్తి వంద గజాల అవతల పెట్టినట్టయింది. నవ్వు ఆపుకోలేకపోయాను. తిరిగి వచ్చి టైర్లు చూశానా? చూశాననే అనుకుంటున్నాను. పన్నెండున్నర అన్నారు, బేరం కూడా ఆడలేదు. యాభై వేలు అడ్వాన్సు పంపడానికి ఫోను తీశాను.

అప్పుడే మా మెకానిక్ భాయ్ ఫోను చేశారు. అరవై దాటిన మనిషి. ఆటోనగర్‌లో షెడ్డు. పదిహేనేళ్ల పరిచయం.

"నాయనా, బానెట్ మీద చేయి పెట్టి చూశావా?"

"వేడిగా ఉంది భాయ్, ఇప్పుడే బంకుకు వెళ్లొచ్చారట."

"నేనిచ్చిన స్కానర్ పెట్టావా?"

పెట్టలేదు. జేబులోనే ఉంది. అగ్గిపెట్టెంత ఉంటుంది, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్లో గుచ్చితే ఫోనులో అంకెలు చూపిస్తుంది. డబ్బు పంపకుండా మళ్లీ కిందికి వెళ్లి పెట్టాను. లోపాల కోడ్లు సున్నా. ఓనరు గర్వంగా చూశారు. భాయ్ ఫోనులోనే ఇంకో పేజీ తెరవమన్నారు. కోడ్లు చెరిపాక తిరిగిన దూరం: 14 కిలోమీటర్లు. కోడ్లు చెరిపాక ఇంజను వేడెక్కిన సార్లు: 1. బండి తనను తాను పరీక్షించుకునే విభాగాల్లో ఐదు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తోంది. అంటే ఆ రోజే ఎవరో లోపాలన్నీ తుడిచేశారు. అవి మళ్లీ బయటపడాలంటే నూరు కిలోమీటర్లైనా రకరకాలుగా నడపాలి. అంతలో నా డబ్బు వాళ్ల ఖాతాలో ఉంటుంది.

"బ్యాటరీ మార్చాం సార్, అందుకే" అన్నారు ఓనరు. నిజానికి కొన్ని బళ్లలో బ్యాటరీ తీస్తే కోడ్లు పోతాయి. కానీ బ్యాటరీ మీద రెండేళ్ల కిందటి అమ్మకం తేదీ ఉంది. టెర్మినళ్ల మీద దుమ్ము చెక్కు చెదరలేదు.

నమస్కారం పెట్టి వచ్చేశాను. దారి పొడవునా గుర్తుకొచ్చింది మాత్రం ఆ దుమ్ము కాదు, ఆ అర క్షణం తర్వాతి లాగుడు. నాకు భయం వేసింది కూడా అందుకే.

మే 7

భాయ్ షెడ్డులో చీవాట్లు. "జాతకాలు చూసి, ఇంటి సంగతి కనుక్కుని, ఆ తర్వాత కదా పెళ్లిచూపులకు వెళతారు. నువ్వు నేరుగా తాళి పట్టుకుని వెళ్లావు" అన్నారు. అందుకని వరుస మార్చాను. ముందు కాగితాలు. తర్వాత బయటి రేకు. తర్వాత చల్లటి ఇంజను. ఆ పైన లిఫ్టు మీద అడుగుభాగం. నా చేతికి స్టీరింగ్ అన్నిటికంటే ఆఖరున. ఒకసారి కాలు నొక్కాక నా కళ్లు పనిచేయవని తేలిపోయింది కదా.

మే 11

సామాన్లు సమకూర్చుకున్నాను. సొంత స్కానర్ ఒకటి, పెయింటు మందం చూపే మీటరు ఒకటి, టైరు గాడి లోతు కొలిచే పుల్ల, మందం కొలిచే వెర్నియర్, చిన్న టార్చి, పిడి పొడవుగా ఉండే అద్దం. మొత్తం ఏడు వేలు కూడా కాలేదు. మా ఆవిడ వాటిని చూసి, డాక్టరు పరీక్ష పాసయ్యారా అంది.

పెయింటు మీటరు సంగతి కాస్త చెప్పాలి. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 90 నుంచి 160 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. రెండు వందలు దాటితే మళ్లీ రంగు వేశారని అనుమానించాలి. మూడు నాలుగు వందలు దాటితే కింద పుట్టీ ఉంది, అంటే రేకు గట్టిగానే దెబ్బతింది. ఒక్క తలుపు రంగు మార్చడం నేరం కాదు, మన ఊళ్లలో ఆటోవాడు గీకకుండా పదేళ్లు ఏ బండీ బతకదు. చూడాల్సింది పైకప్పు, తలుపుల మధ్య స్తంభాలు, బానెట్ కింద ఛాసిస్ అంచులు. అక్కడ పుట్టీ ఉంటే ఆ బండి వద్దు.

సాధన కోసం నా బండి కొలిచాను, 110, 118, 105. సాయంత్రం బావగారు వస్తే ఆయన బండి మీద కూడా పెట్టాను. ఎడమవైపు వెనక తలుపు 430. బావగారు రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "కందుకూరు వెళ్లినప్పుడు గేదె అడ్డం వచ్చింది. ఈ సంగతి మీ అక్కకు చెప్పకు" అన్నారు. మీటరు బాగానే పనిచేస్తోంది.

మే 18

రెండో బండి, ప్రకాశం జిల్లా చీమకుర్తిలో. గ్రానైట్ వ్యాపారం చేసే కుటుంబం. పొద్దున్నే నా డీజిల్ బండిలో బయల్దేరాను. సింగరాయకొండ దగ్గర యుద్ధవిమానాలు అత్యవసరంగా దిగడానికి హైవే మీద వేసిన కాంక్రీటు పట్టీ వస్తుంది కదా, దానిమీద నా పాత బండి టైర్లు కూడా పాట పాడాయి. ఓనరుకు ముందురోజే చెప్పాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని. చేయలేదు. పెద్దమనిషి.

కాగితాలు శుభ్రం. మొదటి ఓనరు, ప్రతి సర్వీసు బిల్లూ ఫైల్లో ఉంది. పెయింటు అంతా 120 చుట్టూ. ఇంకేం అనుకున్నాను. టైర్ల దగ్గర కూర్చున్నాక కథ మొదలైంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ముందు రెండు 2722, అంటే 2022లో ఇరవై ఏడో వారం. వెనక రెండు 1418. నాలుగూ ఒకే కంపెనీవి కావు. ముప్పై లక్షలు పెట్టి బండి కొన్నవారు టైర్ల దగ్గర చేయి బిగబట్టారంటే, కనబడనిచోట ఇంకెంత బిగబట్టారో.

బ్రేకు డిస్కు అంచు మీద వేలు పెడితే గట్టులా తగిలింది. ఇంత మందం కంటే అరిగితే వాడకూడదని డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. దీనిమీద 22 మిల్లీమీటర్లు. వెర్నియర్ పెడితే 22.3. సాధారణ బండి డిస్కులు కొన్ని వేలలో అయిపోతాయి. ఇలాంటి బండికి నాలుగు చక్రాలకూ డిస్కులు, ప్యాడ్లు వేయిస్తే ఆ డబ్బుతో మంచి స్కూటరు వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే అడుగున నల్లటి మెత్తటి పొడి, గ్రానైట్ దుమ్ము. ఫిల్టరుకు అవతలి వైపు గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే పొడి లేదు, అదొక ఊరట. ఫిల్టరు దాటి లోపలికి వెళితే టర్బో రెక్కలను, సిలిండర్ గోడలను గీకేది ఈ పొడే.

గేరుబాక్సు ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగాను. "అది జీవితకాలం వస్తుందన్నారు కదండీ" అన్నారు. అందరూ చెప్పే మాటే. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీకైతే (ఆయిల్లో తడిసే రెండు క్లచ్చుల ఆటోమేటిక్) 60,000కే మార్చాలి. ఈ బండి 94,000 తిరిగింది. ఫైల్లో అన్ని బిల్లులున్నా ఆ ఒక్క బిల్లు లేదు.

తర్వాత భాయ్ నేర్పిన కొత్త ఎత్తు వేశాను. మీరే నడపండి, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. ఆయన కొడుకు, ఇరవై మూడేళ్లుంటాయి, ఉత్సాహంగా తాళం తీసుకున్నాడు. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, గేటు దాటి, రెండో నిమిషంలో ఇంజను చుట్లు చూపే ముల్లును ఆరు వేలు దాటించాడు. అప్పటికి ఇంజనాయిల్ ఇంకా చిక్కగానే ఉంటుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని ప్రాణమంతా ఆ పలచటి ఆయిల్ పొర. తిరిగి రాగానే వేడివేడిగా ఉన్న ఇంజను టక్కున ఆపేశాడు. అబ్బాయి తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ పాదం ఏడేళ్లుగా ఆ పెడల్ మీదే ఉంది. బండితోపాటు ఆ ఏడేళ్లూ నాకే వస్తాయి.

కాఫీ ఇచ్చారు, మజ్జిగ ఇచ్చారు, భోజనం చేసి వెళ్లమన్నారు. పదమూడు లక్షలకు రూపాయి కూడా తగ్గేది లేదన్నారు. బండి వద్దని మర్యాదగా చెప్పడానికే ఎక్కువ కష్టపడ్డాను. నేను నడపలేదు. నడిపి ఉంటే కొనేవాణ్ణేమో.

మే 27

రోహిణి కార్తె. మూడో బండి నెల్లూరులోనే, మినీ బైపాస్ మీద ఒక సెకండ్‌హ్యాండ్ వ్యాపారి దగ్గర. ఏపీ 39 నంబరు. ధర విని ముందే ఉలిక్కిపడాల్సింది. తొమ్మిదిన్నర.

మన ప్రాంతంలో సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాడు నాలుగు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. 2015 డిసెంబరు, చెన్నై. 2021 నవంబరు, మన నెల్లూరు. 2023 డిసెంబరు, మిచౌంగ్ తుపాను, మళ్లీ చెన్నై. 2024 సెప్టెంబరు, బుడమేరు పొంగి విజయవాడ. 2021లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే తెగినప్పుడు నేను కోవూరు మిల్లులో చిక్కుపడ్డాను. బురద నీళ్లలో బానెట్ దాకా మునిగిన బళ్లు కళ్లారా చూశాను. ఆ బళ్లన్నీ తుక్కు కింద పోలేదు. కడిగి, ఆరబెట్టి, ఊరు మార్చి అమ్మేవాళ్లుంటారు.

ఈ బండి తలుపు తీయగానే వాసన. బురద వాసన కాదు, మల్లెపూల సెంటు. డ్యాష్‌బోర్డు మీద ఒకటి, ఏసీ గాలి వచ్చేచోట రెండు. ఒక బండికి మూడు సెంటు బుడ్లు ఎందుకు? డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని మెల్లగా, ఆఖరు దాకా లాగాను. మామూలుగా ఎవరూ అంత లాగరు. లాగుతుంటే నల్లగా, శుభ్రంగా వచ్చింది. చివరి జానెడు ముక్క మీద మాత్రం అడ్డంగా ఒక గోధుమరంగు గీత, ఉప్పుటేరు గట్టు మీద నీటి గుర్తులా. గోటితో గీకితే సన్నటి మట్టి రాలింది. ఇక వెతకడం తేలికైంది. సీటు బిగించిన బోల్టులకు తుప్పు. కార్పెట్ అంచు ఎత్తి నొక్కితే కింద స్పాంజి ఇంకా చెమ్మగా ఉంది. స్టెప్నీ గుంతలో జాకీ గాడుల నిండా ఒండ్రు. ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా. వరసగా ఐదేళ్లు క్లెయిం లేకపోతే అది 50 శాతం దాకా పెరుగుతుంది. ఒకే ఓనరు పేర ఉన్న బండికి సున్నా ఉందంటే, ఏదో క్లెయిం అయిందని అనుమానించాలి.

"వానలో అద్దం దించి మరిచిపోయారు సార్, అంతే" అన్నాడు కుర్రవాడు.

ఇలాంటి బళ్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు మధ్య కన్సోల్ కింద, నేలకు ఆనుకునే ఉంటుంది. ఇంకొన్ని పెట్టెలు సీట్ల కింద, కార్పెట్ కింద. ఇవాళ అన్నీ పనిచేస్తాయి. కనెక్టర్ల పిన్నులకు పచ్చటి చిలుము పట్టడానికి నెలలు పడుతుంది, అప్పుడు ఒకరోజు స్టీరింగ్ దీపం, ఇంకోరోజు బ్రేకు దీపం. పైన పటారం, లోన లొటారం. పావుగంటలో బయటికి వచ్చాను. బానెట్ కూడా తెరవలేదు.

జూన్ 3

కాగితాల కోసం ఒక రోజు పోయింది. తమిళనాడు నంబరున్న బండి ఒకటి బాగుందని విని లెక్క వేశాను. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్వోసీ తేవాలి. ఇక్కడ ఏడాది దాటి ఉంచుకుంటే మన రాష్ట్రం నంబరు వేయించాలి, జీవితకాల పన్ను ఇక్కడ మళ్లీ కట్టాలి. ఆ పన్ను కలిపితే చవక బండి చవక కాదు. బ్యాంకు లోను తీరిపోయిందని నోటిమాట చెబితే కుదరదు. బ్యాంకు ఇచ్చే ఉత్తరం, ఫారం 35 పెట్టి ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించాలి. ఆర్సీ వివరాలు, చలాన్లు ఎంపరివాహన్ యాప్‌లో కూర్చున్నచోటే చూసుకోవచ్చు. ఆ బండి మీద పదిహేడు చలాన్లు, పదమూడు అతివేగానికే. బండి గుణం సంగతి అలా ఉంచి, ఓనరు గుణం అర్థమైంది. ఫోను కూడా చేయలేదు.

జూన్ 14

నాలుగో బండి. నెల్లూరు దర్గామిట్టలోనే, నా ఇంటికి రెండు కిలోమీటర్లలోపు. ముప్పై ఐదేళ్ల అబ్బాయి, అమెరికా వెళుతున్నాడు, నెలలోపు అమ్మేయాలి. 2018 బండి, 61,300 కిలోమీటర్లు, పన్నెండు ముప్పావు అడిగాడు. కాగితాలు నిన్ననే చూశాను, రెండో ఓనరు, లోను లేదు, చలాన్లు రెండు, రెండూ కట్టేసినవే.

ఉదయం ఐదూ ముప్పావుకు భాయ్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. బానెట్ మీద అరచేయి పెట్టాను, చల్లగా ఉంది. కానీ భాయ్‌కి అరచేయి చాలదు. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి స్కానర్ చూశాం. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) వేడి 29 డిగ్రీలు, లోపలికి వెళ్లే గాలి వేడి 29 డిగ్రీలు. రెండూ ఒకటే అంటే రాత్రంతా బండి కదలలేదు. తెల్లవారుజామున ఒకసారి నడిపి, బానెట్ మీద నీళ్లు చల్లి చల్లార్చినవాళ్లను కూడా ఈ రెండు అంకెలు పట్టిస్తాయి. కోడ్లు చెరిపాక దూరం 8,412. వేడెక్కిన సార్లు 255. ఆ లెక్క 255 దగ్గర ఆగిపోతుంది, అంతకంటే పైకి లెక్కపెట్టలేదు. చెన్నైలో చూసిన ఆ ఒంటరి '1' గుర్తొచ్చింది.

ఆయిల్ మూత లోపల మీగడలాంటిది లేదు. కూలెంట్ డబ్బా మూత చల్లగా ఉన్నప్పుడే తెరిచాం. గులాబి రంగు, పైన నూనె తెట్టు లేదు, మట్టం మాత్రం కింది గీత దగ్గర. భాయ్ ఆ గీతను చూసి నన్ను చూశారు.

ఇప్పుడు స్టార్ట్. భాయ్ టైమింగ్ చైను (ఇంజను లోపలి భాగాలను ఒకే తాళంలో తిప్పే గొలుసు) ఉండే వైపు చెవి వంచి, వేలు పైకెత్తి నిలబడ్డారు. నేను ఫోనులో రికార్డు చేస్తున్నాను. ఇంజను అందుకుంది. "టక టక" అని సగం సెకను, ఆపైన నిశ్శబ్దం. భాయ్ వేలు దించారు. ఆయిల్ ఒత్తిడి అందేదాకా ఆ మాత్రం చప్పుడు సహజమట. రెండు మూడు సెకన్ల పాటు గొలుసు గిలక్కొట్టినట్టు వినిపిస్తే చైను, దాన్ని బిగబట్టే టెన్షనర్ అరిగినట్టు. ఇంజను ముందు భాగం విప్పదీసే పని, రెండు లక్షలు నిలవవు. సైలెన్సర్ దగ్గర నేను నిలబడ్డాను. నాలుగైదు నీటి చుక్కలు, పొగ లేదు. నీలం పొగ అయితే ఆయిల్ మండుతోంది, తీపి వాసనతో ఆగని తెల్లపొగ అయితే కూలెంట్ లోపలికి వెళుతోంది.

తర్వాత షెడ్డుకు తీసుకువెళ్లి లిఫ్టు మీద ఎత్తాం. ఓనరే నడిపాడు. గమనించాను, ఆటోనగర్ చేరేదాకా ముల్లు రెండున్నర వేలు దాటనివ్వలేదు. కింద నిలబడి పైకి చూస్తే మొదట కనబడింది ఇంజను పక్కన గులాబి చార, ఎండి గట్టిపడింది. థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని అదుపుచేసే కవాటం) బిగించిన ప్లాస్టిక్ డబ్బా దగ్గర కారుతోంది. వేడికి ప్లాస్టిక్ వంగుతుంది, ఇలాంటి ఇంజన్లలో తరచూ వచ్చే జబ్బే. కూలెంట్ మట్టం సంగతి అక్కడ తేలింది. ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్షుల రబ్బరు పగిలింది. దాని గుర్తు టైర్ల మీద ఉంది, బయటి అంచు గాడి 4.6 మిల్లీమీటర్లు, లోపలి అంచు 2.5. నిలబడి చూస్తే టైరు కొత్తదిలా ఉంటుంది. వంగి లోపలి అంచు తడిమినవాడికే తెలుస్తుంది.

అప్పుడు భాయ్ ఏమీ అనకుండా టార్చిని ఒకచోట ఆపారు. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) గొట్టం మీద ఉన్న క్లాంపు కంపెనీది కాదు. దాని పక్క స్క్రూల తలలు అరిగి ఉన్నాయి. ఎవరో ఇక్కడ పనిచేశారు.

"బాబూ, రీమ్యాప్ చేయించావా?" అన్నారు భాయ్.

అబ్బాయి ఒక్క క్షణం తటపటాయించి ఒప్పుకున్నాడు. "చేయించాను అంకుల్, స్టేజ్ వన్. ఏడాదిన్నర నడిపాను. గేరుబాక్సుకు భయపడి నిరుడు తీయించేశాను."

రీమ్యాప్ అంటే భాగాలేవీ మార్చకుండా ఇంజను కంప్యూటరులోని లెక్కలు మార్చి, టర్బో ఒత్తిడి పెంచడం. శక్తి అమాంతం పెరుగుతుంది. ఇంజను తట్టుకోవచ్చు, తట్టుకోలేనిది చాలాసార్లు గేరుబాక్సు క్లచ్చులు. కంపెనీ వారంటీ పోతుంది, ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పకపోతే రేపు క్లెయిం దగ్గర పేచీ. అయినా ఈ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. దాచగలిగిన సంగతి అడగ్గానే ఒప్పుకున్నవాడి మిగతా మాటలు నమ్మవచ్చనిపించింది. నమ్మి ఊరుకోలేదు కూడా.

గేరుబాక్సు ఆయిల్ 52,000 దగ్గర మార్చిన బిల్లు చూపించాడు. పరీక్ష మాత్రం రోడ్డు మీదే. అన్నిటికంటే ఆఖరున, పదకొండు గంటల ఎండలో, స్టీరింగ్ నా చేతికి వచ్చింది. మొదట ట్రంకు రోడ్డు. మద్రాసు బస్టాండు నుంచి వీఆర్సీ సెంటరు దాకా ఆటోల మధ్య నత్తనడకన ముప్పావుగంట, ఏసీ పూర్తిగా పెట్టి. గేరుబాక్సు వేడెక్కితేనే వణుకు బయటపడుతుంది. వణకలేదు. షెడ్డు ముందున్న ఏటవాలు మీద రివర్సులో ఎక్కించాను, కుదుపు లేదు. కూలెంట్ వేడి 98 దాటలేదు. తర్వాత కావలి వైపు హైవే. నాలుగో గేరులో బిగబట్టి, ముల్లు రెండు వేల దగ్గర ఉండగా పెడల్ పూర్తిగా నొక్కాలి. చుట్లు, వేగం కలిసి పెరగాలి. చుట్లు ఎగిరి వేగం వెనకబడితే క్లచ్చులు జారుతున్నట్టు. వెనక సీట్లో భాయ్ స్కానర్ పట్టుకుని కూర్చున్నారు. నేను నొక్కాను. అర క్షణం, ఆ తర్వాత అదే లాగుడు. మన హైవే మీద హద్దు వంద, అది రావడానికి ఎంతసేపు. నవ్వు మళ్లీ వచ్చింది.

"నవ్వడం తర్వాత, బ్రేకు నొక్కు" అన్నారు భాయ్. స్టీరింగ్ కొద్దిగా అదిరింది. బుష్షులే.

జూన్ 16

బేరం. నేను మాట్లాడలేదు, కాగితం తిప్పి చూపించాను. నాలుగు టైర్లు 52,000. థర్మోస్టాట్ డబ్బా, కూలీతో 38,000. బుష్షులు 14,000. మొత్తం లక్షా నాలుగు వేలు. అబ్బాయి కాసేపు చూసి, నేను అమెరికా వెళుతున్నానని మీకు తెలియకుండా ఉండాల్సింది అన్నాడు. పదకొండు ఎనభై ఐదుకు ఒప్పుకున్నాడు. ఫారం 29, 30 మీద సంతకాలు అక్కడే. పేరు మార్పుకు నాకు ముప్పై రోజుల గడువు, ఇన్సూరెన్సుకు పద్నాలుగు రోజులే. అతని నో క్లెయిం బోనస్ అతనిదే, బండితో నాకు రాదు, ఆ తేడా ప్రీమియం నేను కట్టాలి. ఈ లెక్క ముందు వేసుకోలేదు. నాదే పొరపాటు.

జూన్ 22

పెట్రోలు మూత లోపల స్టిక్కరు ఉంది, 95 ఆక్టేన్, ఇథనాల్ పది శాతం దాకా. 2023 ఏప్రిల్ ముందు తయారైన బళ్లు చాలావరకు ఇంతే. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం కలిపినది. ఇంధనం గొట్టాల రబ్బరు, సీళ్లు ఏడాదికోసారి చూడాలని భాయ్ గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టారు.

ఇంజనాయిల్ మార్చాం. పాత ఫిల్టరును రంపంతో కోసి, మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూశాం. లోహపు మెరుపు లేదు. నల్లటి మసి, అంతే. భాయ్ దాన్ని వాసన చూసి పక్కన పెట్టారు. ఆయనకు అది సంతోషం.

జూన్ 29

బండి లిఫ్టు మీదే ఉంది. బుష్షులు పడ్డాయి. థర్మోస్టాట్ డబ్బా విప్పితే లోపలి రబ్బరు సీలు బిస్కెట్టులా విరిగి చేతికొచ్చింది. కొత్తది చెన్నై నుంచి బస్సు పార్సిల్లో వేశారట, రేపు ఉదయం ఆరున్నరకు బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవాలి. దాచిన రెండు లక్షల్లో ఇప్పటికి ఇరవై ఆరు వేలు పోయాయి, టైర్లు ఇంకా కొనలేదు. ఈ వారమంతా మిల్లుకు పాత డీజిల్ బండిలోనే వెళుతున్నాను. ఇవాళ ఎందుకో దానికి కూడా స్కానర్ పెట్టాను. ఒక కోడు ఉంది.